మంచు దులపని పొద్దు

అనగనగా ఓ తంగేడు పొదలో సాలమ్మ అనే సాలెపురుగు ఉండేది. తెల్లారకముందే గూటి మీది మంచు బొట్లన్నీ దులిపెయ్యడం దాని అలవాటు. మంచుంటే గూడు మెరుస్తుంది, మెరిస్తే ఈగలు కనిపెట్టి తప్పుకుంటాయి, ఇక ఆ పూట పస్తే. అందుకే బుద్ధెరిగాక ఒక్క బొట్టునీ ఎండ తగిలేదాకా ఉండనివ్వలేదు.

అలాంటి సాలమ్మకి ఒళ్ళు ఎండిపోయే జబ్బు పట్టుకుంది. మూలికలెరిగిన ముంగిస వచ్చి చూసి, "ఇది నా వేర్లకు లొంగేది కాదు తల్లీ. ఇంకో నాలుగు రోజులు," అని తల వంచుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు మంచు దులుపుదామంటే సాలమ్మకి కాలు లేవలేదు. ఓ మూలకి ఒదిగి కూర్చుంది. అంతలో పొద్దు పొడిచింది.

గూడంతా సూర్యుళ్ళే! బొట్టు బొట్టుకీ ఓ ఎర్రటి సూర్యుడు, ఓ బుల్లి ఆకాశం, తలకిందులుగా తంగేడు పూలు.

పక్క కొమ్మ మీది తొండ పరుగున వచ్చింది. "అయ్యో చెల్లెమ్మా, దులపలేకపోయావా? ఉండు, నా తోకతో ఒక్క ఊపు ఊపుతా."

"వద్దన్నా, కదలకు! ఇన్నాళ్ళూ రోజూ నేను దులిపి పారేసింది ఇదా?"

తొండ ఎత్తిన తోక ఎత్తినట్టే ఉంచి చూసింది. ఎప్పుడూ ఆడే దాని తల కూడా ఆగిపోయింది.

ఎండెక్కింది. బొట్లు ఒక్కొక్కటే ఆరిపోయాయి.

"అయిపోయింది కదమ్మా," అంది తొండ దిగులుగా.

"రేపు మళ్ళీ కురుస్తుందిలే. నేను లేకపోయినా గూడుంటుందిగా, నువ్వొచ్చి చూడు," అంది సాలమ్మ. "తోక మాత్రం తగలనివ్వకు."