కుడి చెంప

"చెవి పోతే పోనీ మేడం. మొకం మాత్రం ఖరాబ్ కావొద్దు."

వీణ సంతకం పెట్టాల్సిన కాగితాన్ని పక్కకు జరిపింది. సంతోష్‌నగర్‌లో బట్టలు కుట్టే ఆమెకు కుడి చెవి వెనక, మెదడును ఆనుకుని నిమ్మకాయంత గడ్డ. ముఖాన్ని కదిలించే నరం దానికి అతుక్కుని ఉంది.

సర్జన్ మహేశ్వరికి విసుగొచ్చింది. "ముందు ప్రాణం దక్కాలి. అందం సంగతి తర్వాత చూద్దాం."

వీణ ఏదో చెప్పబోయింది. అంతలోనే కాగితం మీదికి తల వంచేసింది. ఫ్యాక్టరీ యూనిఫాంలోనే వచ్చిన భర్త సామ్యూల్ చేతులు జోడించాడు.

"జర కోషిష్ చేయుండ్రి మేడం."

"చేస్తాను. మాట మాత్రం ఇవ్వలేను."

వీణ కాగితాన్ని దగ్గరికి లాక్కుని సంతకం పెట్టింది.

ఆపరేషన్ ఎనిమిది గంటలు సాగింది. మైక్రోస్కోప్‌లో ఆ నరం కనిపించగానే మహేశ్వరి చేయి ఆగింది. దారంలా ఉండాల్సింది, గడ్డ ఒత్తిడికి ఉల్లిపొరలా పరుచుకుపోయింది. ఏది గడ్డో, ఏది నరమో కంటికి తెలియడం లేదు. సన్నని కడ్డీతో కొద్దిపాటి కరెంటు పంపి చూడాలి. తగిలింది నరమైతే చెంప అదురుతుంది, పక్కనున్న యంత్రం టక్ మంటుంది. ఆమె చప్పుడైన చోట ఆగుతూ, కాని చోట గడ్డను తీస్తూ పోయింది. నరాన్ని వదలని చివరి పొరను అలాగే ఉంచేసింది.

ఆఖరుసారి నరాన్ని తాకి చూసింది.

టక్.

ఇంత పలచటి పొరలోనా ఒక మనిషి నవ్వు ఉండేది? ఇరవై ఏళ్లుగా చేస్తున్న పనే అయినా ఆమె మరోసారి దాన్ని తేరిపార చూసింది.

మూడో రోజు మహేశ్వరి వార్డుకు వెళ్లేసరికి, సామ్యూల్ ఆరేళ్ల కూతురు స్వీటీని తీసుకొచ్చాడు. తల్లి తలకున్న కట్టు చూసి పాప గుమ్మంలోనే నిలబడిపోయింది. వీణ రెండు కనుబొమ్మలూ ఎగరేసింది. బుగ్గలు పూరించింది. తర్వాత నవ్వింది. పెదవులు రెండు వైపులా సమంగా విచ్చుకున్నాయి. పాప ఒక్క పరుగున వచ్చి మంచం పట్టుకుంది.

మహేశ్వరి కళ్లార్పకుండా చూసింది. పాప వెనక వైపుకు వెళ్లి నిలబడి, ఆమె మెల్లగా అడిగింది: "ఏం చెప్పింది మీ అమ్మ?"

పాప తిరిగి చూడలేదు.

"దానికి పుట్టినప్పటి సంది ఇనవడదు మేడం," అన్నాడు సామ్యూల్. "వాళ్లమ్మ మొకం సూసే అన్నీ సమజ్ చేసుకుంటది."