జెస్సీ సాక్ష్యం

“నర్సును పిలువు మే. ఈ సెలైను తీసేయమను. మేం పోతాండాం.”

కొడుకు చెప్పులు సంచిలో వేసుకుంటూ అంది జ్ఞానమణి. కడప ఆసుపత్రి మంచం మీద ఏడేళ్ల శామ్ కళ్లు తెరవకుండా పడి ఉన్నాడు. నిన్న పొద్దున మొదలైన మూర్ఛ, ఒకటి తగ్గకముందే ఇంకొకటిగా, ఇక్కడికి చేరేదాకా వాణ్ణి వదల్లేదు.

చూడ్డానికి వచ్చిన జెస్సీ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇట్లాంటప్పుడు యాడికక్కా?”

“యాడికేంది? రాయచోటికి, మీ బావ దగ్గరికే. మాయన ఆటో తేను పోయినాడు.”

జెస్సీ బావ, ఆమె భర్తకు అన్న అయిన ఏసుకుమార్ మెడ, వెన్నుపూస సవరిస్తాడు. మెడలో నరం నొక్కుకుంటేనే పిల్లలకు మూర్ఛ వస్తుందని, తన చెయ్యి పడ్డాక మాత్రలు మింగితే సవరించిన నరం నిలవదని అంటాడు. జెస్సీ కూతురు స్తుతికి మూర్ఛ నయమైంది ఆయన దగ్గరేనని ఊరంతా అంటుంది. ఆ సంగతి జెస్సీ మందిరంలో లేచి సాక్ష్యం చెప్పినప్పుడు మంగంపేట సంఘమంతా చప్పట్లు కొట్టింది. ఆ ఆదివారమే జ్ఞానమణి శామ్ మాత్రలు పొయ్యిలో వేసింది.

“డాక్టరు ఏమన్నాడక్కా?”

“మాత్రలు ఆపినందుకే ఇట్లయిందంట. ఇంకోతూరి వస్తే బతకడంట. వాళ్లకు మాత్రలే దేవుడు! మీ బావేమో, నరం సగం దారికొచ్చినాది, ఇంకోసారి మెడ తిప్పితే సరిపోతాదన్నాడు.”

“డాక్టరు మాట వినక్కా. నీకు దండం పెడతా.”

జ్ఞానమణి గిరుక్కున తిరిగింది.

“ఏం మే, నీ బిడ్డ బాగుంటే చాలా? నా కొడుకు లేచి ఆడుకుంటే నీకు కండ్లమంటా?”

“అట్లనొద్దక్కా.”

“మరేంది? బైబిలు మీద చెయ్యి పెట్టి చెప్పినావే, మా బావ చేతుల్లో దేవుడుండాడని! నాకే విశ్వాసం తక్కువంట, ఊరంతా అంటాండారు. నువ్వూ ఆ మాట అనేకే వచ్చినావా?”

బయట ఆటో హారన్ మోగింది. జ్ఞానమణి ఇక నర్సు కోసం చూడలేదు. వంగి, కొడుకు చేతి మీది ప్లాస్టరు అంచు తనే పీకబోయింది. జెస్సీ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“సాక్ష్యం చెప్పిన పొద్దు మా అత్తా బావా ముందర్నే కూర్చోనుండ్రి. నేనేం చెప్పాలక్కా...”

“ఏంది మే నువ్వనేది?”

జెస్సీ శామ్ ముఖం వైపు చూసింది.

“స్తుతికి మాత్రలు ఒక్కపూటా ఆపలేదక్కా.”