అప్పలసూరి అడుగు

ఆటపట్టీలు వచ్చాక ఆట రానివాళ్లు లేరు. అవి కాళ్లకు కట్టుకుంటే చాలు, పెళ్లిళ్లలో ముసలమ్మలు కూడా సినిమావాళ్లలా ఆడేస్తున్నారు. అందుకే యూనివర్సిటీలో డాన్సు చదివే నూకరత్నానికి ఒక్కటే పరీక్ష: పట్టీల్లో లేని అడుగొకటి చూపించాలి. చూపిస్తేనే పట్టా, పట్టీల కంపెనీలో ఉద్యోగం.

నెలరోజులుగా వాకిట్లో ఎగురుతోంది. అన్నం తింటున్నా కాళ్లు ఊరుకోవు. ఏ అడుగు వేసినా ఎదురుగా పెట్టిన ఫోను చూసి "ఇది ఉంది" అంటోంది.

ఆ ఉదయం తండ్రి అప్పలసూరి పాలచెంబుతో ఆమె పక్కనుంచి వెళ్లాడు. తప్పెటగుళ్ల ఆటలో మనుషుల భుజాల మీదికెక్కి జారిపడ్డప్పటినుంచి ఆయన ఎడమకాలు ఈడుస్తాడు.

"కొత్తది. పంపనా?" అంది ఫోను.

"అయ్యా, నీ నడక పంపీమంటావా?"

"కుంటినడక ఎవుడిక్కావాలే గుంటా! పంపీ," అని నవ్వాడాయన.

పట్టా వచ్చింది, ఆ నడక పట్టీల్లోకి ఎక్కింది. ఆ ఏడు జాతరలో పట్టీలు కట్టిన వందమంది కుర్రాళ్లు డప్పుకు సరిగ్గా ఎడమకాలు ఈడుస్తున్నారు.

"ఎక్కిరిస్తన్నారేటే?"

"నేదయ్యా, ముచ్చటపడి ఆడతన్నారు."

అప్పలసూరి పళ్లు బిగబట్టి, ఎడమకాలు ఎత్తి నేలకు పూర్తిగా ఆనించి, తిన్నగా ఇంటిదాకా నడిచాడు.