మత్తులో కోడలు

"పడుకోబెట్టడానికి ఒక డాక్టరు, పలకరించడానికి ఇంకో డాక్టరు! భలే వైభోగం!" అంటూ అత్తగారు పక్క కుర్చీలో కూలబడింది.

గది చూస్తేనే ఆవిడకి నవ్వొచ్చింది. ఆసుపత్రి అన్నాక ఫినాయిల్ వాసన రావాలి, ఎవరో ఒకరు మూలుగుతూ ఉండాలి. ఇక్కడేమో లేత నీలం పరదాలు, మసక దీపం, ఎక్కడినుంచో పిల్లల్ని జోకొడుతున్నట్టు సన్నటి సంగీతం. మధ్యలో వాలుకుర్చీ. అందులో మెడదాకా దుప్పటి కప్పుకుని కోడలు. గానుగెద్దుకి కట్టినట్టు కళ్ళకి నల్ల గంతలొకటి.

నర్సు కోడలి చేతికి సూది గుచ్చి, పైన తగిలించిన సీసాలోంచి చుక్కలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసింది. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

ఆపరేషన్లప్పుడు మత్తుకిచ్చే మందేనట, కెటమిన్. దాన్నే కొద్దికొద్దిగా ఎక్కిస్తే మనసుకి పట్టిన బిగువు సడలుతుందట. అప్పుడు కౌన్సిలరమ్మ వచ్చి కూర్చుని, లోపలున్నదంతా మెల్లగా మాట్లాడిస్తుందట. కొడుకు ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ కూడా ఇరుగమ్మకీ పొరుగమ్మకీ అంతే పూసగుచ్చినట్టు చెప్పి, కడుపుబ్బ నవ్వించింది.

"మా రోజుల్లో దిగులేస్తే గిన్నెలు తోముకునేవాళ్ళం. గిన్నెలూ మెరిసేవి, దిగులూ పోయేది," అన్నది ఆవిడ వైద్యశాస్త్రం.

మామూలుగా తోడొచ్చేది కొడుకు. ఈసారి ఆవిణ్ణి రమ్మని కోడలే అడిగింది.

"మీరు పక్కనుంటే ధైర్యంగా ఉంటుంది అత్తయ్యా," అంది. దారిలో ఇంకో మాట కూడా అంది. "మందెక్కాక ఏదేదో వాగుతాను. అవతలివాళ్ళు ఏమన్నారో, నేనేమన్నానో, తర్వాత ఒక్క ముక్కా గుర్తుండదు. ఏమీ అనుకోకండేం?"

ఇన్నాళ్ళకి కాస్త అణకువ నేర్చింది, అనుకుంది అత్తగారు.

చుక్కలు పడుతున్నాయి. కౌన్సిలరమ్మ జాడ లేదు. కోడలి పెదాలు కదిలాయి.

"అత్తయ్యా... బుజ్జి ఏడుస్తోంది."

ఎక్కేసిందన్నమాట.

"ఏడవట్లేదే తల్లీ! వాళ్ళ నాన్న దగ్గర ఆడుకుంటోంది."

"తలుపు తోస్తున్నా... రావట్లేదు."

మళ్ళీ అదే పాట. అత్తగారు మూతి తిప్పింది. పురుడు పోసుకున్నప్పటినుంచీ కోడలు దిగులుతో మంచం పట్టింది. పాపని ఆవిడే తన గదిలో పడుకోబెట్టుకుంటోంది. రాత్రిళ్ళు పాప ఏడుపు విని లేచి వెళ్తే మీ అమ్మ గది తలుపు తెరుచుకోదని కోడలు మొగుడితో చెప్పేది. తలుపు ఎప్పుడూ ఓరగానే ఉంటుంది, పిచ్చిది కల గని ఉంటుందని అత్తగారు చెప్పేది. కొడుకు ఎవరి మాట నమ్మాడో వేరే చెప్పక్కర్లేదు. చివరికి కోడలికే తన బుర్ర మీద నమ్మకం పోయింది. ఈ వైద్యంతోనూ కుదుటపడకపోతే ఆ పిల్లని పుట్టింటికి పంపేయడం, పాపని ఇక్కడే ఉంచేసుకోవడం అని తల్లీకొడుకులు అనేసుకున్నారు కూడా.

"నేను తోసింది నిజం తలుపేనా అత్తయ్యా? కల్లోదా?" కోడలి గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది.

"నిజం తలుపేలే."

"మరి రాదేం?"

అత్తగారు ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"గడియ పెడితే ఎలా వస్తుందే, మొద్దు మొహమా!"

అనేశాక ఆవిడకి ప్రాణం ఎంత తేలికపడిందో! ఇంత తెలివైన పని చేసి కూడా ఇన్నాళ్ళూ చెప్పుకోవడానికి ఒక్క మనిషి దొరకలేదు.

"రోజూ పెట్టేవారా?"

"పెట్టక? నువ్వొచ్చి ఎత్తుకున్నావంటే అది ఇట్టే ఊరుకుంటుంది. ఒకసారి నీ ఒడి మరిగిందంటే ఇక నా మొహం చూస్తుందా? ఇప్పుడు నన్నే అమ్మా అంటోంది, తెలుసా?"

"నాకు మతి పోయిందన్నారుగా... అందరూ..."

"నేనన్నానా? వాడనుకున్నాడు. నేను కాదనలేదు, అంతే."

"ఆయనకి గడియ చప్పుడు వినపడలేదా?"

"వాడికా! వాడికి పెళ్ళాం కంటే నిద్ర ముద్దు. చిన్నప్పటినుంచీ అంతే వెధవ."

గంతల కింద కోడలి చెంప తడిసింది. మందు గుణం కాబోలు. అత్తగారు బల్ల మీద కాగితం రుమాలు తీసి ఆ తడి అద్దింది. ఆ మాత్రం జాలి ఆవిడకి లేకపోలేదు.

"పడుకో, పడుకో. లేచేసరికి అన్నీ మర్చిపోతావు. నీకూ హాయి, నాకూ హాయి."

కుర్చీలో వెనక్కి వాలి, సంగీతానికి తగ్గట్టు కాలు ఊపుతూ కూర్చుంది. ఈ కౌన్సిలరమ్మ చేసే పనేదో ఇంతేగా! దీనికి మళ్ళీ చదువులు, గోడకి పటం కట్టిన పట్టాలు!

నర్సు చిన్న సిరంజి ఉన్న ట్రే పట్టుకుని లోపలికొచ్చింది. అత్తగారి వైపు చూడనైనా చూడకుండా, కోడలి మీదికి వంగింది.

"మీరడిగినట్టే ఇంతసేపూ వట్టి సెలైనే వదిలానమ్మా, మీ అత్తగారితో మాట్లాడటం అయిపోతే ఇక మందు మొదలుపెట్టమంటారా?"