తిట్టా, మెచ్చుకోలా?

"మామా, నీ బండి రోంతసేపు ఇస్తావా? ఆరాధనను రిజిస్టర్ పెండ్లికి కర్నూలుకు తీస్కపోవల్ల," అన్నాడు చంద్ర.

వేరే మతంవాడికి కూతుర్ని ఇవ్వనని నిన్ననే అతన్ని వెళ్లగొట్టాడు బాలస్వామి.

"వీనికి సిగ్గనేది ఉండాదా?" అని కూతురి వైపు తిరిగాడు.

ఇంగ్లీషు టీచరైన ఆరాధన, "దీన్ని ఇంగ్లీషులో హుట్స్‌పా అంటారు నాయనా. సిగ్గులేని తెగువ. యూదుల దగ్గర్నుంచి వచ్చిన మాట," అంది.

"యూదులదా? మన బైబిలోళ్లదా! తిట్టేనా?"

"వాళ్లు తిట్టుగానే పెట్టినారు. ఇంగ్లీషులోకి వచ్చినాక మెచ్చుకోలు గూడా కలిసింది."

బాలస్వామి చంద్రను ఎగాదిగా చూశాడు.

"ఓర్వకల్లులో నా ముందర నిలబడి ఇట్ల అడిగినోడు ఇంతవరకు లేడప్పా," అంటూ చెప్పులు వేసుకున్నాడు. "బండి మీద ముగ్గురం పట్టం. ఆటో పిల్చకరా పో."