కర్ర వస్తేనే దారి

"జరుగమ్మా పక్కకు! అంబులెన్సు కనపడలేదా నీకు?"

డ్రైవర్ జయరాజు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. తిప్పమ్మ మాత్రం ఎర్రజెండా అడ్డం పట్టుకుని బండి ముందరే నిలబడింది.

"కర్ర రాలేదన్నా. కర్ర రాకుండా నేను ఇడ్సకూడదు."

"ఏం కర్రమ్మా? ఆడ మనిషి చావుబతుకుల్లో ఉంటే, ఈడ నీకు కర్ర గావాల్నా?"

పాపం, జయరాజుకేం తెలుసు! కళ్యాణదుర్గం రోడ్డు వెడల్పు చేస్తామని కొండ దగ్గర సగం రోడ్డును నిలువెత్తు లోతున తవ్వేశారు. మిగిలిన సగంలో ఒక్క బండే పడుతుంది. అది కూడా ఒకటిన్నర కిలోమీటరు, నడుమ పెద్ద మలుపు. ఈ కొసలో తిప్పమ్మ, ఆ కొసలో ఆమె మొగుడు రంగన్న. ఒకరికొకరు కనపడరు. కంట్రాక్టరు ఇచ్చిన వాకీటాకీలు వారానికే మూగబోయాయి. కొండ సందులో ఫోనుకు సిగ్నలూ లేదు. అందుకని రంగన్నే ఒక ఉపాయం కనిపెట్టాడు. ఎర్రగుడ్డ చుట్టిన కర్ర ఒకటి. ఒక కొస నుంచి బండ్లు వదిలాక, ఆఖరి బండివాడి చేతికి దాన్ని ఇచ్చి పంపాలి. కర్ర అవతలి కొసకు చేరిందా, దారి ఖాళీ అయినట్టు. అప్పుడే ఎదురు బండ్లు వదలాలి. నెల రోజులుగా ఒక్క బండి కూడా గుంతలో పడలేదంటే ఆ కర్ర చలవే.

ముప్పావుగంట కిందట, వరసలో ఆఖరున పోయిన బస్సు కండక్టరు చేతికిచ్చి తిప్పమ్మే కర్రను పంపింది. ఇక రంగన్న తన వైపు బండ్లు వదిలి, కర్రను వెనక్కి పంపాలి. కర్ర లేదు, బండ్లూ లేవు.

"ఎవురికి బాగలేందన్నా?" అడిగింది తిప్పమ్మ.

"ఎవురికో నాకేం తెల్సు? కొండ అవతల, తొందరగా రాండి అని ఫోనొచ్చింది. అంతలోనే మాట తెగిపోయింది."

వెనక మోటారు సైకిలు మీదున్న ఓబిలేష్ అందుకున్నాడు. "ఆ పక్క ఊరు మాదే. నల్లప్ప కోడలు ప్రశాంతికి నెలలు నిండినాయి. ఆ పాపకే అయ్యుంటాది."

తిప్పమ్మ మలుపు వైపు తిరిగింది. ప్రశాంతి! రోజూ ఆ దారిన పోతూ "ఎండలో మాడిపోతాండావత్తా" అని చెంబుడు మజ్జిగ పోసే పిల్ల. రెండు కాన్పులు పోయి, మూడోది నిలిచింది.

"ఇంక ఆలోచనేంది? ఇడువమ్మా!" అన్నాడు జయరాజు.

"అన్నా, నీ కాళ్ళు మొక్కుతా. కంకర టిప్పరు ఎదురుగా దిగిందంటే నువ్వు యాడికి పోతావు? వెనక్కి రాలేవు, పక్కకు పోలేవు. నువ్వే గుంతలో పడితే ఆ పాపను తెచ్చేదెవురు?"

జయరాజు మలుపు వైపు చూసి హారన్ మీది చెయ్యి తీశాడు. ఆమె మాటలో తప్పేమీ లేదు, అదే వచ్చిన చిక్కు.

"ఎవురన్నా నడిచిపోయి ఆ కొసలో ఉండే మా ఆయనకు చెప్పి రాండప్పా! జెండా ఇడ్సిపెట్టి నేను పోలేను," తిప్పమ్మ అందరి మొహాల్లోకీ చూసింది.

"ఈ ఎండలోనా? కాకి గూడా ఎగరడంల్యా," అన్నాడు ఓబిలేష్, బండి నీడలోకి ఇంకాస్త జరుగుతూ. మిగతావాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

తిప్పమ్మకు మొగుడి మీద ఒళ్లు మండింది. "బీడీ అంటించినాడంటే ఆ మనిషికి లోకమే తెలీదు. ఏ చెట్టు కిందో ఒరిగింటాడు. సాయంత్రం ఇంటికి రానీ, ముద్ద సంగటి పెడితే ఒట్టు!"

ఇంకో పది నిమిషాలు గడిచాయి. లైన్లో బండ్లు పెరిగాయి, తిట్లూ పెరిగాయి.

"దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యలేదంట! కూలికొచ్చిన దానికి ఇంత పొగరా?" అని ఎవరో అరిచారు.

"రేపు ఆ పాపకేమన్నా అయితే నీదే పాపం," అన్నారింకెవరో.

జయరాజుకు ఇక ఓపిక చచ్చిపోయింది. "అయ్యేదేందో కానీ" అని గేరు వేశాడు. తిప్పమ్మ జెండాను ఒళ్లో పెట్టుకుని చక్రాల ముందు, కాలిపోతున్న తారు మీద చతికిలబడింది.

"నా మీద పోనీ! పోనీన్నా!" కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. "నాకు మాత్రం ఆ పాప మీద కనికరం ల్యాకనా?"

అప్పుడు వినపడింది, మలుపు అవతల నుంచి ఆటో చప్పుడు. తిప్పమ్మ ఒక్క ఉదుటున లేచింది. ఆటో బయట ఎర్రగుడ్డ ఎగురుతోంది. కర్ర!

"వచ్చింది! పోన్నా, పో! బిరీన పో!" పిచ్చిదానిలా జెండా ఊపింది. ఆటో ఇటు దాటగానే అంబులెన్సు దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయింది.

ఆటోలోంచి నిండు కడుపుతో ప్రశాంతి దిగింది. చేతిలో కర్ర.

"నువ్వా! నీకేం కాలేదా తల్లీ?" తిప్పమ్మ ఏడుస్తూ నవ్వింది. ఆమె బుగ్గలు పుణికింది. "నీ కోసమే అనుకుంటిమే! ఆ మనిషి కర్ర పంపేకి ఇంతసేపు చేసినాడే, ఏం చేస్తాండాడు ఆడ?"

ప్రశాంతి ఆమె మొహంలోకి చూడలేకపోయింది.

"రంగన్న మామ ఎండకు కూలబడిపోయినాడత్తా. ఊర్లోకి పోయి ఫోన్ చేయించినాం. కర్ర ల్యాకుండా నువ్వు అంబులెన్సును ఇడ్సవని మాకందరికీ తెల్సు... బిగుసుకుపోయిన ఆయప్ప పిడికిట్లోంచి దీన్ని ఊడదీసేకే ఇంతసేపయ్యింది."