అరవై రెండు శాతం దగ్గర ఆగిన తలుపు

"పాప లోపలుంది సార్. మూడేళ్లది. తలుపు రావట్లేదు."

ఆ గొంతు వినగానే అతుకులాయన టీ కప్పు పక్కన పెట్టేశాడు. ఇళ్లకు కంప్యూటర్ తాళాలు బిగించే కంపెనీలో, జనం ఇబ్బందులు ఫోన్లో విని సరిచేసే ఉద్యోగం అతనిది. సగంలో ఆగిపోయిన ఏ ప్రోగ్రామునైనా అతుకులు వేసి నిలబెడతాడని తోటివాళ్లు పెట్టిన పేరు అది.

ఇంటి నంబరు అడిగి తాళం వివరాలు తెర మీదకు తెచ్చుకున్నాడు. తొమ్మిదిన్నరకు కొత్త ప్రోగ్రాం ఎక్కడం మొదలైంది. అరవై రెండు శాతం దగ్గర ఎవరో రద్దు చేశారు. అది కూడా ఇంటి లోపల గోడకున్న తెర నుంచి. అలా మధ్యలో ఆగితే తాళం ఎవరి వేలికీ తెరుచుకోదు. అదే భద్రత అని కంపెనీ వాడకందారులకిచ్చే పుస్తకంలో మొదటి పేజీలోనే రాసింది. లోపలి నుంచే ఎవరో రద్దు చేశారని ఫోన్లో చెప్పాడు.

"పాపే నొక్కుంటుంది సార్, మెరిసేదేదైనా దానికి బొమ్మే. వాళ్లమ్మ ఆఫీసుకెళ్లింది. చెత్త పడేద్దామని బయటికొచ్చా, అంతే."

"పొయ్యి మీద ఏమైనా ఉందా?"

"పాలు."

అతుకులాయన వెంటనే తెరిచేద్దామనుకున్నాడు. అయినా నియమం నియమమే. తలుపు తెరిచేముందు ఇంటివాళ్లు నమోదు చేసిన నంబరుకు ఫోన్ చేసి అడగాలి. చేశాడు. బిజీ. మళ్లీ చేశాడు. బిజీయే. మీ ఆవిడ ఫోన్ బిజీ వస్తోందంటే, ఆఫీసులో అడుగుపెడితే ఫోన్ ఆమె చెవికి అతుక్కుపోతుందని అవతలి మనిషి విసుక్కున్నాడు.

పక్క సీటు అమ్మాయి వంగి, మిగతా ఉద్యోగులందరూ లైన్లోనే ఉన్నారనీ, వరుసలో ఒక కాల్ ఎనిమిది నిమిషాలుగా ఆగి ఉందనీ గుర్తుచేసింది. అతుకులాయన ఆగమన్నట్టు చెయ్యి ఊపాడు. అవతల పొయ్యి మీద పాలున్నాయి. నియమాలు తర్వాత చూసుకోవచ్చు.

ఆ ప్రోగ్రాం నిలబడాలంటే రెండు భాగాలు తోడుండాలి. గడియారం ఒకటి, ఎవరి వేలికి తెరుచుకోవాలో చెప్పే పేర్ల పట్టీ ఒకటి. గడియారం అసలు దిగనే లేదు. దాన్ని పంపాడు. పట్టీ మాత్రం దిగింది, కానీ అందులో ఒక్క పేరే ఉంది, ఇల్లాలిది. మధ్యలో ఆగిన పట్టీలు సగమే దిగడం అతను వందసార్లు చూశాడు.

"మీ పేరు ఎగిరిపోయింది. నిన్నటి పట్టీలో ఉంది, దాన్నే తెచ్చి పెడతాను."

"ఆరేళ్లుగా ఉంది సార్ ఆ పేరు."

గొంతు కరుకుగా వినిపించింది. కన్నతండ్రి భయం అలాగే ఉంటుందనుకున్నాడు. కొత్త పట్టీని చెరిపేసి, పాతది ఎక్కించి, ఆగిన చోటు నుంచి ప్రోగ్రామును కదిలించాడు. అరవై మూడు. ఎనభై. తొంభై ఆరు. కుర్చీ అంచు మీదకు జరిగాడు. నూరు.

"ఇప్పుడు వేలు పెట్టండి."

టక్కుమని తాళం ఊడిన చప్పుడు ఫోన్లో స్పష్టంగా వినిపించింది. పాపను పిలుస్తాడని చెవి రిక్కించాడు. అతను పిలవలేదు. ఫోన్ పెట్టేశాడు.

"ఒక్క ముక్క థాంక్స్ కూడా చెప్పలేదు" అన్నాడు పక్క సీటు అమ్మాయితో.

"పాలు పొంగుతుంటే థాంక్సేంటి అన్నయ్యా?" అందామె నవ్వుతూ. "మీ వరుసలో కాల్ చూడండి. పదకొండు నిమిషాలైంది."

ఆ కాల్ ఎత్తుతూ తెర చూశాడు. ఇందాకటి ఇంటి నంబరే. బిజీ అని వినిపించిన ఫోనే. తల్లికి కబురు అందినట్టుంది, పాపం ఎంత కంగారుపడుతోందో అనుకుని, తలుపు తెరిచేశామన్న శుభవార్త చెప్పబోయాడు.

అతను నోరు తెరిచేలోపే అవతల నుంచి గుసగుసగా వినిపించింది: "అన్నా, నేనూ పాపా లోపలే ఉన్నాం, ఎవరడిగినా తలుపు తెరవకండి."